వంతెన దాటాక కనిపించే పేరు

1987 డిసెంబర్ 18న జపాన్ బజార్లోకి ఫైనల్ ఫాంటసీ అనే వీడియో గేమ్ వచ్చింది. ఆటలో నలుగురు సిపాహీలు ఉంటారు. చెరలో ఉన్న రాజకుమారిని విడిపించి తెస్తే రాజుగారు ఖుషీ అయి కూలిపోయిన వంతెనను తిరిగి కట్టిస్తాడు. నలుగురూ ఆ వంతెన మీద అడుగు పెట్టగానే ఆట కాసేపు ఆగుతుంది. అసలు సఫర్ ఇప్పుడే షురూ అవుతోందని తెర మీద నాలుగు మాటలు వస్తాయి. ఆ తర్వాత కొన్ని పేర్లు. అన్నిటికన్నా ముందు వచ్చే పేరు ప్రోగ్రామ్ రాసినాయనది: నాసిర్.

బొమ్మలకు రూపమిచ్చిన యోషితాకా అమానోకి, కథ రాసిన కెంజీ తెరాదాకి పూర్తి పేర్లున్నాయి. ఈయనకు మాత్రం ఒక్కటే ముక్క. మన ఇళ్లల్లో, మన గల్లీల్లో పిలుచుకునే పేరు. అరబీలో నాసిర్ అంటే మదద్ చేసేవాడు, అండగా నిలబడేవాడు. జపనీయులు చేసిన ఆటలో మొట్టమొదట ఈ పేరేమిటని ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. పేరు చూసి ఆయన్ని మనవాడిగా కలిపేసుకునే తొందర నాకు లేదు. నన్ను ఆపింది ఆయన చేసిన పని. ఆ పని తర్వాతి ముప్పై ఐదేళ్లలో ఏమైందన్నది చెప్పాలనే ఈ ఖిస్సా రాస్తున్నాను.

నాసిర్ గెబెల్లీ 1957లో ఇరాన్‌లో పుట్టాడు. కంప్యూటర్ చదువు కోసం అమెరికా వెళ్లాడు. 1980లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో జెర్రీ జ్యువెల్‌తో కలిసి సిరియస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. ఆపిల్-2 కంప్యూటర్ల జమానా అది. ఒకే మనిషి కూర్చుని మొత్తం ఆట రాసేసే రోజులు. ఆ ఒక్క ఏడాదిలోనే నాసిర్ దాదాపు డజను ఆటలు రాశాడు. ఆపిల్-2 తెర మీద బొమ్మ కదిలితే వణికేది, మినుకుమినుకుమనేది. నాసిర్ ఒక బొమ్మ తెర మీద ఉండగానే తర్వాతి బొమ్మను చాటున తయారుచేసి, ఠక్కున మార్చేవాడు. చూసేవాళ్లకు నీళ్ల మీద నావ జారినట్టుండేది. తర్వాత డూమ్ ఆటతో ప్రపంచమంతా మషూర్ అయిన జాన్ రొమెరో కుర్రతనంలో ఈ ఆటలే చూసి పని నేర్చుకున్నాడు. ప్రోగ్రామర్లలో నాసిర్‌ను మించినవాడు లేడని ఆయన చాలాసార్లు చెప్పాడు.

1981లో నాసిర్ సిరియస్ నుంచి బయటికొచ్చి గెబెల్లీ సాఫ్ట్‌వేర్ పేరుతో సొంత దుకాణం తెరిచాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1983 నాటికి అమెరికాలో వీడియో గేముల వ్యాపారమే కుప్పకూలింది. నాసిర్ దుకాణం మూసేసి దేశాలు తిరగడానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక బ్రోడర్‌బండ్ కంపెనీ నడిపే డగ్ కార్ల్‌స్టన్ ఆయన్ని జపాన్ తీసుకెళ్లి అక్కడి కంపెనీలకు పరిచయం చేశాడు. వాటిలో స్క్వేర్ ఒకటి. అక్కడ పనిచేసే హిరోనోబు సకగుచికి నాసిర్ పేరు ముందే తెలుసు, అభిమాని కూడా. అలా కుదిరింది ఆ రిష్తా.

ఇక్కడ సాంకేతికమైన ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. ముందుముందు దీంతో పనుంది. ఆపిల్-2లో ఉన్న ప్రాసెసర్ 6502. నింటెండో కంపెనీ ఫామికామ్ యంత్రంలో ఉన్నది కూడా అదే ఖాందాన్‌కు చెందిన చిప్. రెండూ ఒకే జుబాన్ మాట్లాడతాయి. అందుకే శాక్రమెంటోలో నేర్చిన హునర్ టోక్యోలో నేరుగా పనికొచ్చింది. ఆ రోజుల్లో ప్రోగ్రామర్ చిప్‌తో దాని సొంత భాషలోనే మాట్లాడేవాడు, మధ్యలో దుబాసీ ఉండేవాడు కాదు. మొదటి ఫైనల్ ఫాంటసీ క్యాసెట్టు మొత్తం 256 కిలోబైట్లు. ఇవాళ మీ ఫోన్ తీసే ఒక్క ఫోటో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకు జాగాలో ఓ దునియా, దాని సముద్రాలు, ఊళ్లు, యుద్ధాలు, పాటలు అన్నీ సర్దారు. నోబువో ఉయెమత్సు సంగీతం, అకితోషి కవాజు యుద్ధ నియమాలు, కోయిచి ఇషీ ఆలోచనలు, ఇవన్నీ తెర మీద కదలాలంటే నాసిర్ చేతి మీదుగా వెళ్లాల్సిందే.

రెండో భాగం 1988లో, మూడో భాగం 1990లో వచ్చాయి. ఈ రెండు ఆటల మధ్యలోనూ ఒకే ముసీబత్ ఎదురైంది: నాసిర్ వర్క్ వీసా గడువు అయిపోయింది. జపాన్ వదిలి శాక్రమెంటోకి తిరిగి వెళ్లక తప్పలేదు. వీసా ముద్ర కోసం పాస్‌పోర్టు పట్టుకుని తిరిగిన తెలుగు సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆ గుబులేమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. మామూలుగా అయితే కంపెనీ ఇంకో మనిషిని చూసుకుంటుంది. స్క్వేర్ మాత్రం యంత్రాలు, సామాన్లు సర్దుకుని జట్టునే శాక్రమెంటో పంపింది. జపాన్ పిల్లల బాల్యంలో భాగమైన ఆటలు కాలిఫోర్నియాలో పూర్తయ్యాయి. ఒక కారీగర్ కోసం కార్ఖానా కదిలి వెళ్లిందంటే ఆయన చేతి పని విలువేమిటో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ చేతి పనిలో గలతీలూ ఉన్నాయి. మొదటి ఆటలో మాంత్రికుడికి అఖల్ అనే లెక్క ఒకటి ఉంటుంది. మెట్టు మెట్టుకూ అది పెరుగుతుంది. మంత్రాల బలం మీద దాని ప్రభావం మాత్రం సున్నా. ప్రతి కత్తికీ గట్టి దెబ్బ తగిలే అవకాశం ఎంతో ఒక పట్టికలో రాసిపెట్టారు, కానీ ప్రోగ్రామ్ ఆ అంకెను వదిలేసి కత్తి వరస నంబరును తీసుకుంటుంది. అంటే పట్టికలో వెనక ఉన్న కత్తి, ఆ ఒక్క కారణం చేతనే, ఎక్కువ గట్టి దెబ్బలు కొడుతుంది. కత్తికి బలం పెంచే మంత్రం వేస్తే ఏమీ జరగదు. శత్రువును బిగించే మంత్రాల్లో ఒకటైతే వాడికే తప్పించుకునే శక్తి పెంచుతుంది. ఇన్ని లోపాలతోనే ఆట నడిచింది, కంపెనీని నిలబెట్టింది. ఆడినవాళ్లు ఏళ్ల తరబడి వీటిని తమ వ్యూహంలో కలిపేసుకుని ఆడారు.

పదమూడేళ్ల తర్వాత, 2000 డిసెంబర్ 9న, ఈ ఆట మొదటిసారి అరచేతి యంత్రం మీదికొచ్చింది. ఆ యంత్రం బందాయ్ కంపెనీ వారి వండర్‌స్వాన్ కలర్. వండర్‌స్వాన్ వెనక కూడా ఓ పెద్ద ఉస్తాద్ ఉన్నాడు. నింటెండోలో గేమ్ బాయ్ తయారుచేసిన గున్‌పే యోకోయి అక్కడి నుంచి బయటికొచ్చాక దీని డిజైన్ మీద పనిచేశాడు. 1997లో రోడ్డు ప్రమాదంలో ఆయన ఇంతెకాల్ అయ్యాడు. యంత్రం 1999లో బజార్లోకి వచ్చింది. అప్పటికి స్క్వేర్ నింటెండోను వదిలి సోనీ ప్లేస్టేషన్ వైపు వెళ్లిపోయింది కాబట్టి చేతిలో పట్టే ఆటల కోసం బందాయ్ దగ్గరికి వచ్చింది. రంగులు కొత్తవి, బొమ్మలు కొత్తవి, కోటలకు నీడలొచ్చాయి. జపాన్ బయట మాత్రం ఆ యంత్రం అమ్మకానికే రాలేదు.

నేను ముందు చెప్పిన 6502 జుబాన్‌తో ఇక్కడే పనిపడింది. వండర్‌స్వాన్ ప్రాసెసర్ ఇంటెల్ 8086 ఖాందాన్‌ది. నాసిర్ ఫామికామ్ కోసం రాసిన ఒక్క వాక్యం కూడా దానికి అర్థం కాదు. కాబట్టి ఆటను పెట్టెలోంచి తీసి ఇంకో పెట్టెలో పెట్టినట్టు కాదు ఇది. ఆట ఎలా నడుచుకుంటుందో చూసి, కొత్త జుబాన్‌లో మొదటి నుంచీ రాయాలి. ఆ తర్వాత 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద మొదటి రెండు భాగాలూ కలిపి డాన్ ఆఫ్ సోల్స్ పేరుతో వచ్చాయి. ఆ చిప్ ఆర్మ్ కంపెనీ డిజైన్. 2007లో పీఎస్‌పీ మీదికొచ్చింది. అది మిప్స్ ఖాందాన్. ప్రతిసారీ జుబాన్ మారింది, ప్రతిసారీ తర్జుమా అవసరమైంది. తర్జుమాలో కథ దాటుతుంది, పాట దాటుతుంది, రాజకుమారి దాటుతుంది. మొదట రాసినవాడి చేతిరాత మాత్రం దాటదు.

తర్జుమా చేసినవాళ్లను నేను నిందించడం లేదు. చేతిలో పట్టుకుని ఆడే ఆటకు దాని జరూరతులు దానికుంటాయి. ఫామికామ్ ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఆడేది. సరాయిలో పడుకున్నప్పుడో, మైదానంలో డేరా వేసినప్పుడో తప్ప ఆట సేవ్ అయ్యేది కాదు. రైల్లో వెళ్తూ ఆడేవాడికి అది కుదరదు, స్టేషన్ వస్తే దిగిపోవాలి. అందుకే గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకునే వీలు పెట్టారు. ముందు ఒక్కో మెట్టు మంత్రాన్ని ఇన్నిసార్లే వాడాలని లెక్క ఉండేది, దాన్ని తీసేసి మంత్రశక్తి అని ఒకే ఖజానా ఇచ్చారు. కొట్టాల్సిన శత్రువు ముందే చచ్చిపోతే పాత ఆటలో మీ సిపాహీ గాలిని కొట్టేవాడు. ఇప్పుడు పక్కవాడిని వెతుక్కుని కొడతాడు. అఖల్ లెక్క పనిచేయడం మొదలైంది. మంత్రాలను ఒక్కొక్కటిగా సరిచేస్తూ వచ్చారు. కొత్త సొరంగాలు చేర్చారు. ఆట తేలికైంది, హాయిగా మారింది. పాత ఆటలో సొరంగంలోకి దిగేముందు కలిగే ఖౌఫ్ మాత్రం తగ్గింది.

ఈ తర్జుమా లేకపోతే ఈ ఆట నాలాంటివాళ్ల దాకా వచ్చేదే కాదు. మన దగ్గర తొంభైల్లో ఫామికామ్ నకళ్లు ఇంటింటా ఉండేవి. నూరు ఆటలో, వెయ్యి ఆటలో అని పైన రాసిన క్యాసెట్లు. మా గల్లీలో మారియో, కాంట్రా ఆడనివాడు లేడు. ఆ చవక క్యాసెట్లలో ఆటను గుర్తుపెట్టుకునే బ్యాటరీ ఉండేది కాదు. నెలల తరబడి సాగే సఫర్ అందులో ఎలా పడుతుంది? నేను మొదట ఈ ఆట ఆడింది గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద. ఒక దోస్త్ వాళ్ల మామూ జిద్దా నుంచి తెచ్చిన యంత్రం అది. రంజాన్ రాత్రుల్లో సహ్రీ దాకా మేలుకునేవాళ్లం. ఒకరు ఆడుతుంటే ముగ్గురం భుజాల మీదుగా చూసేవాళ్లం. అసలు ఆట ఎలా ఉండేదో చాలా ఏళ్ల తర్వాత చూశాను. అప్పుడే వంతెన మీద ఆ పేరు కనిపించింది.

మూడో భాగం ఖిస్సా ఇంకా కష్టమైనది. 1990లో వచ్చిన ఆ ఆట 512 కిలోబైట్లు. వండర్‌స్వాన్ మీద తెస్తామని ప్రకటించారు, తేలేదు. మొదటి రెండు భాగాలూ ప్లేస్టేషన్ మీద, గేమ్ బాయ్ మీద మళ్లీ మళ్లీ వచ్చాయి, మూడోది రాలేదు. ఫామికామ్ క్యాసెట్టులో ఇక ఇంచీ ఖాళీ లేకుండా నింపేశామని, దాన్ని మళ్లీ చేయాలంటే కొత్త బొమ్మలకూ సంగీతానికీ ఆ యంత్రాల్లో జాగా చాలలేదని, మనుషుల మెహనత్ కూడా చాలా కావాల్సి వచ్చిందని ఆ జట్టులోని హిరోమిచి తనాకా చెప్పాడు. చివరికి 2006 ఆగస్టులో నింటెండో డీఎస్ మీద వచ్చింది, పూర్తిగా త్రీడీ రూపంలో. పేరులేని నలుగురు అనాథలకు కొత్తగా పేర్లు పెట్టారు: లూనెత్, ఆర్క్, రెఫియా, ఇంగస్. వాళ్లలో ఒకరు అమ్మాయి అయింది. జపాన్ బయటి దునియా ఈ మూడో ఆటను అధికారికంగా చూడడం అదే మొదటిసారి. పదహారేళ్ల ఇంతెజార్ తర్వాత దొరికినదాంట్లో అసలు రూపం కనిపించదు.

అన్ని తర్జుమాల్లోనూ చెరగకుండా మిగిలినవి రెండున్నాయి. నాకు ఇష్టమైనవి కూడా అవే.

ప్రవోకా అనే రేవు పట్నానికి ఈశాన్యంగా నేల సముద్రంలోకి చిన్న ముక్కులా పొడుచుకొస్తుంది. అక్కడ నిలబడితే చుట్టుపక్కల ఎక్కడా లేని భారీ రాక్షసులు మీద పడతాయి. కారణం సాదాగా ఉంటుంది. ప్రపంచ పటాన్ని 64 చదరాలుగా కోసి, ఏ చదరంలో ఏ జంతువులుండాలో రాశారు. ఆ ముక్కు కొస మాత్రం పొరుగు చదరంలో పడింది. ఆ చదరం ఆటలో చాలా తర్వాత వచ్చే ప్రాంతానిది. చూడబోతే గలతీ. కానీ ధైర్యం చేసి అక్కడ పోరాడితే త్వరగా బలం పెరుగుతుందని పిల్లలు కనిపెట్టారు, దానికి బలాల ద్వీపకల్పమని పేరు పెట్టుకున్నారు. రీమేక్ చేసినవాళ్లు మిగతా గలతీల్లో చాలావాటిని దిద్దారు. దీన్ని మాత్రం అలాగే ఉంచారు.

రెండోది ఓ పజిల్. ఓడ ఎక్కాక ఒక బటన్ నొక్కి పట్టుకుని ఇంకో బటన్‌ను 55 సార్లు నొక్కితే, ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలున్న పలకలను జరిపి వరసలో పెట్టే ఆట తెరుచుకుంటుంది. స్క్వేర్ వేసుకున్న ప్లానులో ఇది లేదు. నాసిర్ తన షౌక్ కొద్దీ ఇరికించినది. అంత ఇరుకు క్యాసెట్టులో దీనికి జాగా ఎలా మిగిల్చాడో! ప్రతి రీమేక్‌లోనూ దాన్ని కొత్తగా రాసి పెడుతూ వచ్చారు. పజిల్ ఉంది. రాసినవాడి ఒక్క అక్షరం అందులో లేదు. అయినా దాన్ని ఉంచారంటే, ఆయనకు చేసిన సలాం లాగే నాకు అనిపిస్తుంది.

2021 జులైలో స్క్వేర్ ఎనిక్స్ మొదటి మూడు ఆటలనూ పిక్సెల్ రీమాస్టర్ పేరుతో మళ్లీ తెచ్చింది, 2023లో నింటెండో స్విచ్ మీదికి కూడా వచ్చాయి. బొమ్మలు పాత చుక్కల పద్ధతికి తిరిగొచ్చాయి. మంత్రాల పాత లెక్క తిరిగొచ్చింది. కావాలంటే శత్రువులు ఎదురుపడకుండా ఆపేసుకోవచ్చు. మూడో భాగం రెండు కొలతల రూపంలో జపాన్ బయటికి రావడం ఇదే మొదలు. గేమ్ బాయ్, పీఎస్‌పీ రోజుల్లో చేర్చిన సొరంగాలు ఇందులో లేవు. ఫామికామ్ అసలు రూపాలు కూడా ఇందులో లేవు. అంటే ఇది ఇంకో తర్జుమా, బహుశా అన్నిటికన్నా అందమైన తర్జుమా.

దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. 2016లో నింటెండో తన పాత యంత్రాన్ని అరచేతిలో పట్టేంత చిన్నదిగా చేసి ముప్పై ఆటలతో అమ్మింది. అమెరికా పెట్టెలో మొదటి ఫైనల్ ఫాంటసీ, జపాన్ పెట్టెలో మూడోది ఉన్నాయి. లోపలి చిప్ కొత్తదే, కానీ అది పాత చిప్ వేషం కట్టి, పాత జుబాన్‌లో ఉన్న పాత అక్షరాలనే చదువుతుంది. దాన్నే ఎమ్యులేషన్ అంటారు. అక్కడ నడిచేది నాసిర్ రాసినదే. గలతీలతో సహా.

ఆయన పనిచేసిన 1993 నాటి సీక్రెట్ ఆఫ్ మానాకైతే రెండు నసీబులూ దక్కాయి. 2018లో దాన్ని త్రీడీలో మళ్లీ చేసి ప్లేస్టేషన్ వీటా మీద కూడా ఇచ్చారు. దానికి ముందే, 2017లో, జపాన్‌లో స్విచ్ కోసం మానా సంకలనం వచ్చింది. 1991, 1993, 1995 నాటి మూడు ఆటలు అసలు రూపాల్లోనే అందులో ఉన్నాయి. 2019లో మిగతా దేశాలకు కూడా ఇచ్చారు. కొత్త రూపం కావాలన్నవాడికి కొత్తది, పాతది కావాలన్నవాడికి పాతది. రెండూ చేతిలో పట్టుకుని ఆడేవే.

మన సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత చేతిరాత కితాబులు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఫార్సీ, ఉర్దూ ప్రతుల చివర్లో తరచూ నాలుగు పంక్తులు కనిపిస్తాయి: దీన్ని రాసిన కాతిబ్ ఫలానా, ఫలానా తారీఖున పూర్తయింది, అని. దాన్ని తర్ఖీమా అంటారు. కితాబు షాయర్‌ది కావచ్చు, దాన్ని కళ్ల ముందుకు తెచ్చిన చెయ్యి కాతిబ్‌ది. ఆ కితాబును ఇవాళ కంప్యూటర్లో చక్కగా అచ్చు వేసి చవగ్గా అందరికీ ఇవ్వడం మంచి పనే. అలా వేశాం కదా అని పాత నుస్ఖాను చెత్తబుట్టలో వేస్తామా? కాతిబ్ ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ ఇరుకు జాగాలో అక్షరం ఒదిగించాడో ఆ నుస్ఖాలోనే కనిపిస్తుంది.

నాసిర్ మానా తర్వాత ఆటల పని నుంచి తప్పుకున్నాడు. 1998 ఆగస్టులో డాలస్‌లో జాన్ రొమెరో ఆపిల్-2 కాలపు పాత ప్రోగ్రామర్లందరినీ పిలిచి జల్సా చేస్తే అక్కడికి వచ్చాడు. ఒకప్పటి షాగిర్దులు ఆయన చుట్టూ చేరారు. వాళ్లకు ఆయన ఫైనల్ ఫాంటసీ నాసిర్ కూడా కాదు, శాక్రమెంటోలో ఒక్కడే కూర్చుని ఏడాదిలో డజను ఆటలు రాసిన నాసిర్.

పాత ఆటల సంకలనాలు ఇప్పుడు నెలకొకటి వస్తున్నాయి. మీ పిల్లలు స్విచ్ కోసమో, ఫోన్ కోసమో ఒకటి కొనమని అడిగితే కొనివ్వండి, నేను కూడా కొంటాను. కొనేముందు ఒక్కటి చూడండి: అందులో మళ్లీ చేసినది మాత్రమే ఉందా, పక్కన అసలుది కూడా ఉందా అని. అసలుది ఉంటే మీ పిల్లవాడిని ఓపిగ్గా ఆ వంతెన దాకా ఆడమనండి. పాత ఆట కాబట్టి కాస్త విసుక్కుంటాడు, మంత్రం పనిచేయలేదంటాడు. దాటాక తెర మీద మొదట వచ్చే పేరు మాత్రం వాడితో పైకి చదివించండి.